నెలల్లోనే ముగిసిపోయిన రోమన్ చక్రవర్తుల నాణేలు: ముందు ఎవరిది కొనాలి?

రెండు మూడు నెలలు గద్దె మీద కూర్చుని హతమైపోయిన చక్రవర్తి నాణెం అనగానే అది చాలా అరుదు, చాలా ఖరీదు అనుకుంటారు. అమ్మేవాళ్లు కూడా ఆ మాటనే ముందుకు తోస్తారు. మూడో శతాబ్దపు రోమ్ విషయంలో ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. క్రీ.శ. 235 లో మాక్సిమినస్ త్రాక్స్ మొదలు 284 లో డయోక్లీషియన్ వచ్చేదాకా, యాభై ఏళ్లలో గద్దె ఎక్కినవాళ్లు ఇరవైకి పైనే. ఎక్కువమంది సొంత సైనికుల చేతుల్లోనే పోయారు. వీళ్లలో ఒకడి నాణెం భోజనం ఖర్చుకు దొరుకుతుంది, ఇంకొకడిది కొనాలంటే మంచి మోటార్ సైకిల్ అమ్ముకోవాలి. ఇద్దరి పాలనా వారాల్లో చెప్పుకోదగ్గదే.

ఈ తేడాకు కారణం ఆ చక్రవర్తి చేతిలో ఎన్ని టంకశాలలు ఉన్నాయి, అతని ముద్రలు ఎంత పెద్ద నిధుల్లో దొరికాయి అన్న రెండు సంగతులే.

270 లో రెండో క్లాడియస్ అంటువ్యాధితో చనిపోగానే అతని తమ్ముడు క్వింటిల్లస్ గద్దె ఎక్కాడు. పాత రచనల్లో ఒకటి 17 రోజులు అంటుంది, మరొకటి 77 అంటుంది. ఎన్ని రోజులైనా, అన్న నడిపిస్తున్న టంకశాలలు ఆగకుండా తమ్ముడి చేతికి వచ్చాయి. రోమ్, మిలాన్, సిసియా (ఇప్పటి క్రొయేషియాలోని సిసాక్) అన్నీ పూర్తి వేగంతో పనిచేస్తున్నాయి. కొత్త చక్రవర్తి సైనికులకు బహుమానం పంచాలి కాబట్టి అచ్చులు మార్చి ముద్ర కొట్టుకుంటూ పోయారు. లోహంలో వెండి నూటికి రెండు మూడు పాళ్లు కూడా లేదు, అందుకని ఎంత కావాలంటే అంత కొట్టగలిగారు. ఆ కాలపు నాణేలు ఇంగ్లండ్, ఫ్రాన్స్ నేలల్లో కుండలకు కుండలు బయటపడ్డాయి. 1978 లో విల్ట్‌షైర్‌లో దొరికిన క్యూనీషియో నిధిలో 54,951 నాణేలు, 2010 నాటి ఫ్రోమ్ నిధిలో 52,503 ఉన్నాయి. మూడో శతాబ్దపు నాణేలు నేటి సంతలో అందుబాటులో ఉండటానికి ఇలాంటి కుండలే కారణం.

238 లో ఆఫ్రికాలో తిరగబడ్డ మొదటి, రెండో గోర్డియన్లు (తండ్రీకొడుకులు) మూడు వారాలే ఉన్నారు. వాళ్లను గుర్తించి వాళ్ల పేరున వెండి నాణెం కొట్టింది రోమ్ టంకశాల. ఆ కొద్ది వారాల్లో కొట్టినదెంతో, మిగిలిందీ అంతే. అందుకే ధర ఆకాశంలో ఉంది.

మొదటి నాణెం: క్వింటిల్లస్, ఫ్లోరియన్, టాసిటస్, మాక్రినస్

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అందే దూరంలో ఉన్నవి ఈ నాలుగు. క్వింటిల్లస్ ఆంటోనినియానస్ (మూడో శతాబ్దంలో రోమ్ కొట్టిన ఒక నాణెపు రకం) ముప్పై నలభై డాలర్ల నుంచి మొదలవుతుంది. 2.5 నుంచి 3 గ్రాములు తూగే, 18 నుంచి 20 మిల్లీమీటర్ల చిన్న బిళ్ల. తలమీద కిరణాల కిరీటం. చిక్కేమిటంటే రోమ్‌లో కొట్టినవి చాలావరకు వంకరటింకర బిళ్లల మీద కొట్టారు. చుట్టూ ఉన్న పేరులో సగం బిళ్ల దాటి బయటికి పోయుంటుంది. ముఖం చూస్తే అన్నాతమ్ములు ఒకేలా ఉంటారు. కాబట్టి బొమ్మ వైపు పేరులో "క్వింట్" అన్న అక్షరాలు కళ్లకు కనిపించకపోతే ఆ నాణేన్ని క్వింటిల్లస్ ధరకు కొనకండి. అది క్లాడియస్‌ది కావచ్చు, ఇంకా చౌక. మిలాన్‌లో కొట్టినవాటి బిళ్ల గుండ్రంగా, అక్షరాలు పూర్తిగా ఉంటాయి. బొరుసు కింద పీ, ఎస్, టీ అనే విభాగపు గుర్తు ఒంటరిగా కనిపిస్తుంది. పది ఇరవై డాలర్లు ఎక్కువైనా మిలాన్‌దే తీసుకోవడం మంచిది.

ఫ్లోరియన్‌ది వేరే తరహా. 276 లో మూడు నెలలు కూడా నిండకుండా టార్సస్ దగ్గర అతని సైనికులే అతన్ని చంపేశారు. అప్పటికి ఆరెలియన్ చక్రవర్తి చేసిన నాణేల సంస్కరణ జరిగిపోయింది. బిళ్ల పెద్దది, 22 మిల్లీమీటర్లు, తూకం నాలుగు గ్రాములకు దగ్గర. రాగి మీద వెండి పూత. బొరుసు కింద ఎక్కువగా ఎక్స్ ఎక్స్ ఐ అన్న గుర్తు. ఇరవై పాళ్లు రాగికి ఒక పాలు వెండి అని దానికి చెప్పే అర్థం. పూత నిలిచిన ఫ్లోరియన్ నాణెం చేతిలో పెట్టుకుంటే క్వింటిల్లస్ బిళ్ల చిల్లరలాగే అనిపిస్తుంది. ధర రెండింతలు, ఒక్కోసారి మూడింతలు. అయినా ఒక్క నాణేమే కొనాలనుకుంటే ఫ్లోరియన్ వైపే మొగ్గండి. సైజు, ముఖం, పేరు, టంకశాల గుర్తు అన్నీ ఒకే బిళ్ల మీద స్పష్టంగా దొరికే అవకాశం దీనికే ఎక్కువ.

టాసిటస్ అతని కంటే ముందువాడు, ఆరేడు నెలలు పాలించాడు. అతని నాణేలు ఫ్లోరియన్‌వాటి కంటే చౌక. తూర్పు టంకశాలల్లో కొట్టిన కొన్నింటి మీద ఎక్స్ ఎక్స్ ఐ బదులు ఎక్స్ ఐ గుర్తో, గ్రీకు అక్షరాల్లో అదే అంకెను చెప్పే ఐ ఏ గుర్తో ఉంటుంది. వెండి పాలు రెట్టింపు అని వాటి అర్థం. చాలామంది అమ్మేవాళ్లు ఈ గుర్తు గమనించకుండా మామూలు ధరకే పెడతారు. బొరుసు అడుగు భాగం ఫొటో పెద్దది చేసి చూసే అలవాటుంటే లాభపడేది ఇలాంటిచోటే.

మాక్రినస్ (217-218) ఈ గుంపులో పాతతరం మనిషి. అతను వేసింది నిజమైన వెండి డెనారియస్ (ఆంటోనినియానస్ కంటే పాతదైన రోమన్ వెండి నాణెం). మూడు గ్రాముల పైన తూగుతుంది, పైగా తనకు ముందరి చక్రవర్తి కారకల్లా తగ్గించిన వెండి శాతాన్ని అతను కొంత పెంచాడు. సెనేటర్ కాకుండా గద్దె ఎక్కిన మొదటివాడు. తొలి నాణేల్లో గడ్డం కురచ, తర్వాతివాటిలో పొడుగు. రాగి బిళ్లలు నచ్చనివాళ్లకు, వెండి స్పర్శ కావాలనుకునేవాళ్లకు ఇదే సరైనది. సుమారు వంద డాలర్ల నుంచి దొరుకుతుంది. కొడుకు డయాడుమేనియన్ నాణెం జతగా కావాలనుకుంటే ఖర్చు రెండింతలు దాటుతుంది. ముందు తండ్రిది కొని ఆగడమే తెలివి.

ఎమిలియనా, హోస్టిలియనా

ఈ ఇద్దరివీ దాదాపు ఒకే ధరలో దొరుకుతాయి. 251 లో అబ్రిటస్ యుద్ధంలో డెసియస్, అతని పెద్ద కొడుకు హెరెన్నియస్ చనిపోయాక, చిన్నవాడు హోస్టిలియన్ అదే ఏడు వ్యాధితో పోయాడు. హోస్టిలియన్ యువరాజుగా ఉన్నప్పుడు వేసిన నాణేలు మామూలే. పూర్తి చక్రవర్తిగా వేసినవి తక్కువ. అమ్మకపు వివరణలో ఆ తేడా చెప్పకుండా కేవలం "హోస్టిలియన్" అని రాస్తే అది యువరాజు నాణేమే అయ్యుంటుంది. పేరు చివర ఎన్ సీ (యువరాజు) అని ఉందా, ఏయూజీ (చక్రవర్తి) అని ఉందా చూడండి. చక్రవర్తి నాణెం కావాలని మొదలుపెట్టి యువరాజు నాణెంతో సరిపెట్టుకుంటే తర్వాత మళ్లీ కొనాల్సొస్తుంది.

ఎమిలియన్‌కు ఆ గొడవ లేదు. మోసియా గవర్నరుగా ఉండి 253 లో చక్రవర్తినని ప్రకటించుకున్నాడు, మూడు నెలల్లో సైన్యమే చంపింది. అతనివన్నీ చక్రవర్తి నాణేలే. బొరుసు బొమ్మలు కూడా వైవిధ్యంగా ఉంటాయి: మార్స్, డయానా, అపోలో, హెర్క్యులిస్. హెర్క్యులిస్ బొరుసు మీద పేరు మొదటి హెచ్ లేకుండా "ఎర్కుల్" అని ఉంటుంది. అది నకిలీకి గుర్తు కాదు, టంకశాలలోనే అలా చెక్కారు. ఎమిలియన్ నాణేల్లో పెద్ద లోపం బొరుసు. హడావిడిలో అరిగిన అచ్చులతోనే కొట్టుకుంటూ పోయారు, అందువల్ల ముఖం చక్కగా ఉండి వెనక దేవత ముఖం చదునుగా పోయినవి చాలా ఉన్నాయి. అది వాడకంలో వచ్చిన అరుగుదల కాదు. కాబట్టి బొమ్మ వైపు మంచిదైతే బొరుసు మీద కొంచెం రాజీ పడొచ్చు. ఇద్దరిలో ఒకరే అంటే ఎమిలియన్.

బాల్బినస్, ప్యూపియనస్: డెనారియస్ వద్దు

గోర్డియన్లు పోయాక సెనేటు ఇద్దరిని కలిపి చక్రవర్తులను చేసింది. 238 వేసవిలో సుమారు మూడు నెలలు ఒకరినొకరు నమ్మకుండా గడిపారు. చివరికి ప్రిటోరియన్ రక్షకదళం ఇద్దరినీ రాజప్రాసాదం నుంచి ఈడ్చుకెళ్లి చంపింది. వాళ్ల నాణేల మీద మాత్రం "పరస్పర ప్రేమ", "పరస్పర విశ్వాసం" అని రాసి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న బొమ్మ! ఈ చేతుల బొమ్మ ఉన్నది ఆంటోనినియానస్ మీద. డెనారియస్ మీద మామూలు దేవతలూ, విజయలక్ష్మీ.

రెంటి ధర ఇంచుమించు ఒకటే, మంచివి మూడు నాలుగు వందల డాలర్ల ప్రాంతం. అలాంటప్పుడు ఆంటోనినియానస్ తీసుకోకపోవడానికి కారణం లేదు. 4.5 నుంచి 5 గ్రాముల పెద్ద బిళ్ల, వెండి దాదాపు సగం. కారకల్లా 215 లో మొదలుపెట్టి తర్వాత కొన్నేళ్లు ఆగిపోయిన ఆంటోనినియానస్‌ను మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది ఈ ఇద్దరే. ముఖాల విషయంలో కూడా ఆ కాలపు శిల్పుల పనితనం కనిపిస్తుంది: బాల్బినస్‌కు జారిన బుగ్గలు, ప్యూపియనస్‌కు సన్నటి ముఖం, పొడుగు గడ్డం. ఇద్దరిలో ఒకరే కొనగలిగితే ప్యూపియనస్ ముఖం అందంగా ఉంటుంది. ఇద్దర్నీ కొనేవాళ్లు ఒకే రంగు, ఒకే స్థాయి చూసుకుని ఏడాదో రెండేళ్లో ఆగితే జత కుదురుతుంది. తొందరపడి నల్లగా ఉన్నదొకటి, తెల్లగా తోమినదొకటి తెచ్చుకుంటే పక్కపక్కన పెట్టబుద్ధి కాదు.

పెద్ద కంచు సెస్టెర్షియస్ ఆశపెడుతుంది. ముప్పై మిల్లీమీటర్ల బిళ్ల మీద ముఖం అద్భుతంగా ఉంటుంది, కానీ ఈ పెద్ద కంచు నాణేల్లో అరిగిన జుట్టును ఉలితో మళ్లీ చెక్కినవి ఎక్కువ. భూతద్దంలో వెంట్రుకల గీతలు పదునుగా, అడుగున మెరుస్తూ, చుట్టూ ఉన్న కిలుము రంగుకు తేడాగా ఉంటే చేయి పెట్టకండి.

గాల్‌లో (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం): మారియస్

కమ్మరివాడు చక్రవర్తి అయ్యాడని పాత చరిత్రకారులు చెప్పే మారియస్ (269) నాణేలు వంద డాలర్ల పైన. మూడు రోజుల రాజు అన్న కథ నాణేలు చూస్తే నిలవదు, రెండు టంకశాలల్లో కొట్టారు. అతనికి కొద్దిగా ముందు మైంట్స్‌లో తిరగబడ్డ లేలియన్‌ది చాలా రెట్లు ఖరీదు. బొరుసు మీద పరుగెత్తే విక్టరీ బొమ్మ తప్ప మరోటి సాధారణంగా దొరకదు, అది కూడా అరిగిన అచ్చుతో ఉంటుంది. ఆ డబ్బుతో మారియస్‌తో పాటు ఇంకో నాలుగు పేర్లు తెచ్చుకోవచ్చు.

గాల్‌లోనే చక్రవర్తినన్న రెండో డొమిషియన్ విషయానికి వస్తే, ఇప్పటికి తెలిసినవి రెండే నాణేలు. ఒకటి 1900 లో ఫ్రాన్స్‌లో, రెండోది 2003 లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చాల్‌గ్రోవ్ నిధిలో దొరికింది. ఆన్‌లైన్‌లో ఎవరైనా మూడోది అమ్ముతానంటే తల తిప్పుకుని వెళ్లిపోండి.

గోర్డియన్లు: కొనేముందు మూడక్షరాలు

వేల డాలర్లు పెట్టేవాళ్లు ముందు చదవాల్సింది పేరే. తండ్రీకొడుకుల నాణేల మీద పేరు ఒక్కటే. ముఖంతోనే వేరు చేయాలి: తండ్రి ముసలి, చెంపలు లోతు. కొడుకుకు నిండు ముఖం, నుదుటి పైన జుట్టు పలచన. ఇద్దరి పేర్లలోనూ "గోర్డియానస్" తర్వాత ఏ, ఎఫ్, ఆర్ అనే మూడక్షరాలు ఉంటాయి. మనవడు మూడో గోర్డియన్ తొలి నాణేల మీద దాదాపు అదే పేరు ఆ మూడక్షరాలు లేకుండా ఉంటుంది. మూడో గోర్డియన్ నాణెం ఇరవై ముప్పై డాలర్లకు దొరుకుతుంది. ఒక అక్షరం మీద మట్టి అంటుకున్న ఫొటోతో, "గోర్డియన్, 238" అన్న అస్పష్టమైన వివరణతో పెట్టిన వాటిలో ఈ గందరగోళమే ఉంటుంది. ఇంకో సంగతి, వీళ్ల డెనారియస్‌లకు నకిలీలు చాలా ఉన్నాయి. పేరున్న వేలం సంస్థ, పాత వేలం చరిత్ర లేకుండా ఈ స్థాయి డబ్బు పెట్టకూడదు.

నకిలీని ఎలా పట్టాలి

తూకం, వ్యాసం రెండూ అడగండి. తూకం సరిపోయిందని అసలుదని నమ్మకండి, ఆ కాలపు ఆంటోనినియానస్‌లు గ్రాము దాకా అటూ ఇటూ ఉంటాయి. కానీ క్వింటిల్లస్‌ది ఐదు గ్రాములు తూగితే ఏదో తేడా ఉంది.

అంచు ఫొటో అడగండి. పోత పోసిన నాణేనికి అంచు చుట్టూ సన్నటి గీతో, దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తో ఉంటుంది. అక్షరాల మూలలు మెత్తగా, పైన సూదిమొన బెజ్జాలు. సుత్తి దెబ్బతో ముద్ర పడ్డ అసలు నాణేనికి అక్షరాల చుట్టూ లోహం బయటికి జారిన సన్న గీతలు కనిపిస్తాయి.

అన్నింటికన్నా గట్టి పరీక్ష పోలిక. ఒకే అచ్చుతో కొట్టిన రెండు అసలు నాణేలకు బొమ్మ ఒకటే అయినా బిళ్ల ఆకారం, అంచు పగులు, బొమ్మ పక్కకు జరిగిన తీరు వేరుగా ఉంటాయి. రెండు నాణేలకు పగులు కూడా ఒకేచోట, ఒకే పొడవుతో ఉంటే రెండూ ఒక మూలం నుంచి తీసిన నకళ్లే. కొనే ముందు పాత వేలాల ఫొటోలు వెతికి అదే అచ్చు నాణేలు పక్కన పెట్టుకుని చూడండి. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఉచితంగా నడిపే ఓసీఆర్‌ఈ డేటాబేస్‌లో చక్రవర్తి, టంకశాల, బొరుసు వారీగా ఫొటోలున్నాయి. అమ్మేవాడు ఇచ్చే ఆర్‌ఐసీ సంఖ్యను (రోమన్ నాణేల ప్రామాణిక జాబితా గ్రంథంలోని సంఖ్య) అక్కడ సరిచూడటానికి ఐదు నిమిషాలు పట్టదు.

ఫ్లోరియన్, టాసిటస్‌లకు మాత్రం పూత పరీక్ష. అసలు వెండి పూత లోతుల్లో మిగిలి, చెంప మీద, కిరీటం మొనల మీద, తొడల మీద పోయి రాగి కనిపిస్తుంది. చెంప మీద, గుంటల్లో, దెబ్బ తగిలిన చోట కూడా సమంగా మెరుస్తుంటే ఎవరో కొత్తగా పూసింది.

శుభ్రం చేయని నాణేల సంచీలు "చక్రవర్తులు దాగి ఉండొచ్చు" అని అమ్ముతుంటారు. వాటిలో ఎక్కువ నాలుగో శతాబ్దపు అరిగిన కంచు. ఆ డబ్బుకు ఒక మిలాన్ క్వింటిల్లస్ వస్తుంది.

భారత్‌లో ఉండి కొనేవాళ్లకు

ఆంధ్ర, తెలంగాణ నేలల్లో దొరికిన రోమన్ నాణేలు ప్రధానంగా మొదటి రెండు శతాబ్దాల బంగారం, వెండి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లి నిధి అగస్టస్, టైబీరియస్ కాలపు డెనారియస్‌లు. అందుకని "మా పొలంలో దొరికింది" అంటూ ఎవరైనా క్వింటిల్లస్ రాగి బిళ్ల చూపిస్తే కథ మీద అనుమానపడాలి. ఒకవేళ నిజంగా భూమిలో దొరికిందే అయితే ఇంకా పెద్ద సమస్య. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలి.

1972 పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం బయటికి పంపడానికి వీల్లేదు. డల్లాస్‌లోనో లండన్‌లోనో నాణేలు కొనే తెలుగువాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. సెలవులకు హైదరాబాద్ తెచ్చి బంధువులకు చూపించి వెనక్కి తీసుకెళ్దామంటే విమానాశ్రయంలో చిక్కు రావచ్చు. ఫొటోలు తెచ్చుకోండి, నాణేలు అక్కడే ఉంచండి. దేశంలో వ్యాపారి దగ్గర కొంటే పురావస్తువుల అమ్మకపు లైసెన్సు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

విదేశీ వేలంలో పాడిన ధర మీద కొనుగోలుదారు కమీషన్ సాధారణంగా ఇరవై శాతం చుట్టూ ఉంటుంది. దానిమీద తపాలా, ఇక్కడ దిగుమతి పన్ను, కొరియర్ కంపెనీ వేసే అదనపు చార్జీ. నలభై డాలర్ల నాణేనికి ఇవన్నీ కలిపితే నాణెం ధరను దాటొచ్చు. చౌక నాణేలను ఒక్కొక్కటిగా తెప్పించకుండా ఒకే అమ్మకందారు దగ్గర నాలుగైదు పోగేసి ఒకే పార్శిల్‌లో రప్పించుకోవాలి. మొదటి పార్శిల్‌లో మాక్రినస్, ఫ్లోరియన్, క్వింటిల్లస్, ఎమిలియన్ కలిసి వస్తే వెండి నుంచి రాగి దాకా దాదాపు అరవై ఏళ్ల పతనం ఒక్క డబ్బాలో కనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక

ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమితే వెండి పూత క్షణంలో పోతుంది. కిలుము పోయి ఎర్రటి రాగి తేలిన నాణెం విలువ సగానికి పడుతుంది. ఏదైనా చేయాల్సొస్తే డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టడం వరకే.

లేతపచ్చ పొడి కనిపిస్తే సూదితో మెల్లగా తాకి చూడండి. గట్టిగా ఉంటే మామూలు కిలుము. పిండిలా రాలితే అది లోహాన్ని తినేసే క్లోరైడ్ తుప్పు. వెంటనే విడిగా పెట్టాలి, అదే డబ్బాలో ఉంచకూడదు. వారాల తరబడి డిస్టిల్డ్ నీళ్లు మారుస్తూ నానబెట్టి పూర్తిగా ఆరబెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది త్వరగా తిరగబెడుతుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి, రంగు మారగానే మార్చండి. మెత్తగా జిగటగా ఉండే పీవీసీ కవర్లు నాణెం మీద పచ్చ జిగురు వదులుతాయి. గట్టి మైలార్ కవర్లు అడిగి తెప్పించుకోండి. రబ్బరు బ్యాండు దగ్గరికి రానివ్వకండి, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

అమ్మకందారు ఇచ్చిన చీటీ, ఇన్‌వాయిస్, వేలం సంఖ్య నాణెం తగలకుండా వేరే కవర్లో, నాణెం పక్కనే ఉంచండి. ముఖ్యంగా బాల్బినస్, ప్యూపియనస్, ఎమిలియన్‌లకు రేపు అమ్మేటప్పుడు ఆ కాగితం లేకపోతే కొనేవాళ్లు ధర తగ్గించే అడుగుతారు.